తప్పినచోట అరిచినవాడు

“అరిచానత్తా. కాదనట్లేదు. మైకు ఆపేసే అరిచాను, అదైనా చూడు.”

“ఏం ఘనకార్యం. మైకు సెట్టువాడివి, నీ బల్ల దగ్గర కూర్చుని నీ పని చూసుకోక జనంతో కలిసి గోల చేస్తావా? ఇది మన పరిషత్తురా యుగంధర్. సెక్రటరీని నేను. రేపు ఊళ్ళో నలుగురూ నన్నేమంటారు?”

“బాలేదు కాబట్టి బాలేదన్నాను.”

“వాళ్ళేమన్నా పేరుమోసిన కళాకారులా? రొయ్యల షెడ్డులో పని చేసుకునే ఆడవాళ్ళు. ఒకపూట పని మానుకుని బందరు నుంచి బస్సెక్కి వచ్చారు. పాపం అనిపించలేదూ నీకు?”

“పాపం అనుకుంటే దరువు సరిపోద్దా? నిన్న మన కాలేజీ కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని ఏడ్చినప్పుడూ అరిచాగా. అప్పుడు నువ్వే పకపకా నవ్వావు.”

“వాళ్ళు మన పిల్లలు. తట్టుకుంటారు.”

గుడివాడలో ఆ సాయంత్రం నాటకాల పరిషత్తు మొదటి నాటకం ఇంకా మొదలవలేదు. వేదిక వెనక నీలం తెరకి ఇవతల, మేకప్ సామాన్ల ట్రంకు పెట్టె మీద కూర్చుని, భుజానికున్న డప్పు తాడు విప్పుకుంటున్న రత్నానికి ఈ మాటలన్నీ వినపడ్డాయి. తెర కింద నుంచి వాళ్ళిద్దరి కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. ఝాన్సీలక్ష్మి గారి పట్టుచీర అంచు. ఆవిడ మేనల్లుడి అరిగిపోయిన రబ్బరు చెప్పులు.

తట్టుకుంటారు అన్న మాట దగ్గర రత్నం చెయ్యి ఆగిపోయింది. అంటే మేం తట్టుకోలేమనేగా, అనుకుంది.

జరిగింది చిన్న సంగతే. ప్రతి యేడూ నాటకాలకి ముందు చుట్టుపక్కల ఔత్సాహికులకి కాసేపు వేదిక ఇస్తారు. ఈసారి బందరు పక్క గిలకలదిండి ఆడవాళ్ళ డప్పు జట్టుని పిలిచారు. రత్నం, లీలావతి, గ్రేస్, ఇంకో ఇద్దరూ ఒకే రంగు చీరలు కట్టుకుని వేదికెక్కారు. ఇంకా పుల్ల డప్పుకి తగలకముందే వెనక వరసల్లోంచి ఎవరో “రొయ్యలొచ్చాయిరోయ్” అన్నారు. కొంతమంది నవ్వారు. సరే, అదొక రకం. తరవాత దరువు మొదలైంది. నడిచింది. నడుస్తూ నడుస్తూ ఉండగా మైకు బల్ల దగ్గర నుంచి “ఓ...” అని ఒక పొడుగాటి అరుపు వచ్చింది. ఇక మైదానమంతా అందుకుంది. ఈలలు, కేకలు, కుర్చీలు కొట్టడం. అప్పుడు ఝాన్సీలక్ష్మి గారు మైకు తెప్పించుకుని, “పాపం కష్టజీవులు, మనం చప్పట్లతో ప్రోత్సహిద్దాం” అంది. జనం బుద్ధిగా చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ మెడల్లో తలో శాలువా పడింది.

అరుపుల కంటే ఆ చప్పట్లకే రత్నానికి ఒళ్ళు మండింది.

తెర పక్కకి లాగి బయటికొచ్చింది. ఇద్దరూ గతుక్కుమన్నారు.

“ఎక్కడ తప్పాం బాబూ?” అంది.

ఝాన్సీలక్ష్మి గారు గబగబా మధ్యలోకొచ్చి, “అబ్బే, అదేం లేదమ్మా. చాలా బాగా కొట్టారు. వీడి మాటలు పట్టించుకోవద్దు. ఇంజనీరింగు సగంలో మానేసి ఇట్టా తయారయ్యాడు, ఎవరితో ఏం మాట్లాడాలో తెలీదు” అంది.

“మీరొక్క నిమిషం ఉండండి మేడం. ఎక్కడ తప్పాం?”

యుగంధర్ నేల చూపులు చూడలేదు. అది మాత్రం రత్నం గమనించింది. “మొదలు బానే పెట్టారండి. రెండో దరువు కాణ్ణించి పరుగు. చివరికొచ్చేసరికి బస్సు వెళ్ళిపోతందన్నట్టు ఒకరెనకాల ఒకరు పడ్డారు.”

“పరుగా?”

“పరుగే.”

రత్నం తల ఊపింది. శాలువా మడతపెట్టి ట్రంకు పెట్టె మీద పెట్టేసి, డప్పు మాత్రం తీసుకుని వెళ్ళిపోయింది.

బస్సు గుడ్లవల్లేరు దాటింది. దాటాక లీలావతి మొదలెట్టింది. ఆవిడ బందరు చేపల బజార్లో గంపల మధ్య పుట్టి పెరిగిన మనిషి, గొంతు తగ్గించడం చేతకాదు.

“ఇన్నేళ్ళ నుంచీ చేపలమ్ముతున్నా. నా మొహం మీద ఒక్కడు ఓ అన్లేదు. ఇయ్యాళ ఎవడో కుర్రకుంక చేత అనిపించుకోడానికా ఈ చీరలు కట్టుకొచ్చింది? నావల్ల కాదమ్మా. మొవ్వా లేదు, గివ్వా లేదు. రామని చెప్పెయ్ రత్నం.”

రత్నం తోటికోడలు గ్రేస్ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. గ్రేస్ చర్చిలో పాడేటప్పుడు కూడా పక్కవాళ్ళ వెనకే నిలబడే మనిషి. “నాకూ ఒద్దక్కా. నలుగుర్లో అట్టా నిలబడి అరిపించుకోలేను” అంది.

“మొవ్వకి వెళ్తున్నాం” అంది రత్నం.

“నీకు మీ ఊరు కాబట్టి వెళ్తావు. మాకేం పని?”

“మొవ్వ అయిపోయాక ఎవరికిష్టం లేకపోతే వాళ్ళు మానెయ్యండి. నేనూ అడగను. మొవ్వకి మాత్రం వెళ్తున్నాం.”

లీలావతి ఏదో అనబోయి, రత్నం మొహం చూసి ఊరుకుంది.

మొవ్వ సంగతి లీలావతికి తెలియంది కాదు. జూన్‌లో అక్కడ లైబ్రరీ వార్షికోత్సవం. ఊరి సెంటర్లో, అన్ని వీధులవాళ్ళూ వచ్చే సభ. రత్నం తండ్రి మార్కు ఆ ఊళ్ళోనే ఉంటాడు. ఒకప్పుడు ఆ ఊరి డప్పు ఆయనే. పెద్దకాపుల ఇళ్ళల్లో చావుకీ, అమ్మవారి జాతరకీ, చాటింపుకీ ఆయన్ని పిలవాల్సిందే. పిలవడమంటే గౌరవంగా కాదు, రమ్మంటే రావాలి, అంతే. రత్నం చిన్నప్పుడు ఆయన ఒకరోజు ఇంటికొచ్చి డప్పుని పాక చూరులోకి దోపేసి మళ్ళీ ముట్టుకోలేదు. చర్చి పెద్ద అయ్యాడు కదా, అందుకు మానేశాడని ఊరనుకుంది. ఊళ్ళోవాళ్ళకి అలా అనుకోవడమే సుఖం.

అసలు కారణం రత్నానికి పెళ్ళై బందరు వచ్చాక, తొలిసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు చెప్పాడు.

“ఎవరైనా బాగుందంటారేమోనని చూసేవోణ్ణే. అన్లేదు. పోనీ బాలేదనైనా అంటారేమోనని చూశా. అదీ అన్లేదు. ఎద్దు మెడలో గంట మోగితే బాగుందంటారా, బాలేదంటారా? ఒకరోజు శవం ముందర నడుస్తా కావాలనే దరువు తప్పించి కొట్టా. అడ్డదిడ్డంగా కొట్టా. ఒక్కడు తల తిప్పి చూళ్ళేదే. కాటి దాకా అట్టాగే కొట్టుకుంటా వెళ్ళా. ఇంటికొచ్చి చూరులో పెట్టేశా.”

రత్నం ఆ డప్పు అడిగి తెచ్చుకుంది, అంతే. తెచ్చుకున్నాక కూడా చాన్నాళ్ళు మంచం కిందే ఉంది. గిలకలదిండి హార్బరు పక్కన రొయ్యల షెడ్డులో ఆమె పని. రొయ్యలు వలిచే చేతులు పొద్దస్తమానం ఐసు నీళ్ళలో నానుతాయి. సాయంత్రానికి వేళ్ళు ఉన్నాయో లేవో తెలీదు. ఒకరోజు పని దిగాక వేళ్ళకి వెచ్చదనం రావడానికని ఖాళీ ప్లాస్టిక్ ట్రే తిరగేసి కొట్టింది. పక్కన గ్రేస్ ఇంకో ట్రే కొట్టింది. రొయ్యలు కొనడానికొచ్చిన లీలావతి, “ట్రేలు పగలగొడితే మేస్త్రీ మిమ్మల్ని పగలగొడతాడు, డప్పులు తెచ్చుకోండే” అంది. మర్నాడు రత్నం మంచం కింద డప్పు తెచ్చింది. జట్టు అలా పుట్టింది. తండ్రికి ఆ సంగతి తెలుసు. “కొడుతున్నావంట” అన్నాడొకసారి. అంతకు మించి ఒక్క మాట లేదు. మొవ్వ సభకి వస్తానని మాత్రం కబురు చేశాడు.

కాబట్టి మొవ్వకి వెళ్ళడం ఖాయం. ఎలా వెళ్ళడమన్నదే చూసుకోవాలి.

రొయ్యల షెడ్డుకీ ఐసు ఫ్యాక్టరీకీ మధ్య ఒకటే గోడ. సాధన అక్కడే. ఆ గోడకి వీపులు ఆనించి వరసగా నిలబడి కొట్టేవాళ్ళు. గుడివాడ నుంచి వచ్చాక రోజూ కొట్టారు. ఎక్కడా పరుగు లేదు. దరువు గీత గీసినట్టు వస్తోంది. ఐసు దిమ్మలు మోసే మనుషులు ఆగి చూసి, “సూపరండీ” అంటున్నారు. పాస్టరు గారు అటుగా వెళ్తూ దేవుడు మీ చేతుల్ని దీవించాడమ్మా అన్నాడు.

“చూశావా, తప్పు మనది కాదు. గుడివాడోళ్ళ చెవులది” అంది లీలావతి.

గ్రేస్‌కి కూడా ధైర్యం వచ్చింది. రత్నానికి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ అబ్బాయి కళ్ళల్లోకి చూసి చెప్పాడు. చిన్నబుచ్చాలనుకున్నవాడు రెండో దరువు కాణ్ణించి అని చెప్పడు. ఊరికే నవ్వి పోతాడు. అలాంటివాళ్ళూ ఆ రోజు ఉన్నారు, వాళ్ళని పోల్చుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇతను వేరు.

ఏప్రిల్ సగంలో సముద్రంలో వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ హార్బర్లో కట్టేశారు. వేట లేకపోతే ఐసు అక్కర్లేదు కాబట్టి ఫ్యాక్టరీ కూడా మూసి తాళం వేశారు. షెడ్డులోకి చెరువు రొయ్యలు మాత్రం కాసిని వస్తున్నాయి. ఆ రోజు పని తొందరగా అయిపోయింది. ఎప్పట్లాగే గోడ దగ్గర నిలబడ్డారు. చితుకుల మంట మీద డప్పులు కాచుకుని, చర్మం బిగిశాక మొదలుపెట్టారు.

రెండో దరువు దగ్గర లీలావతి ఆయాసపడుతూ ఆగిపోయింది. “ఆగండే. ఎవత్తె తరుముతోంది మనల్ని?”

మళ్ళీ మొదటి నుంచి కొట్టారు. మళ్ళీ అంతే. నడక కాస్తా గునగునా అయింది, గునగునా కాస్తా పరుగైంది. ముందున్నవాళ్ళని అందుకోలేక గ్రేస్ పుల్ల చేజారింది. అచ్చం గుడివాడే.

రత్నం కదలకుండా నిలబడిపోయింది. వీపుకి ఏదో తక్కువగా ఉంది. వెనక్కి తిరిగి అరచెయ్యి గోడకి ఆనించింది.

“గోడ ఆగిపోయింది” అంది.

“గోడ ఆగడమేంటక్కా?” అంది గ్రేస్.

“కంప్రెసరే. అవతల కంప్రెసర్ ఆడితే గోడ అదురుద్ది కదా. దడ్, దడ్, దడ్ అని. పొద్దస్తమానం వింటాం కాబట్టి మనకి వినపడదు. మన వీపుకి మాత్రం తగుల్తానే ఉంటది. ఇన్నాళ్ళూ దాని మీద కొడుతున్నాం మనం. అదే మనల్ని పట్టుకుని నడిపిస్తోంది.”

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక లీలావతి కూలబడి నవ్వడం మొదలెట్టింది. “అయితే మన గురువుగారు ఐసు మిషనన్నమాట. ముందే చెపితే గుడివాడకి ఆయనక్కూడా టిక్కెట్టు తీసేదాన్ని కదే.”

అందరూ నవ్వారు. రత్నం నవ్వలేదు. “మిషను లేకుండా కొట్టాలి. గోడకి దూరంగా రండి” అంది.

అప్పుడు తెలిసింది కష్టమంటే ఏంటో. ఉప్పుగాలిలో, ఆరబెట్టిన వలల మధ్య ఖాళీలో నిలబడి కొట్టారు. రోజూ పరుగే. నెమ్మదిగా కొడదామనుకుంటే చచ్చిన దరువు, వదిలేస్తే పరుగు. ఇలా కాదని రత్నం ఒక్కొక్కరి చేతా విడిగా కొట్టించింది. తన వంతు వచ్చినప్పుడు తనూ కొట్టింది. లీలావతి కాలితో తాళం వేస్తూ వింది. సగంలో కాలు ఆపేసింది.

“చెప్పనా? చెపితే మళ్ళీ నన్ను మింగకూడదు.”

“చెప్పు.”

“పరిగెత్తేది నువ్వే రత్నం. మేం నీ ఎనకాల పడుతున్నాం.”

ఆ మాట రత్నానికి గుడివాడ మైదానమంతా అరిచినదాని కంటే గట్టిగా తగిలింది. జట్టు తనది. డప్పు తన తండ్రిది. మధ్యలో నిలబడేది తను. పుల్లలు కింద పెట్టి కుళాయి దగ్గరికి వెళ్ళింది. మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. అక్కడే చాలాసేపు అటు తిరిగి నిలబడింది. ఇక రాదేమోనని గ్రేస్ భయపడింది. వచ్చింది.

“మనలో పరుగు లేంది ఎవరికి?” అని అడిగింది.

అందరూ గ్రేస్ వైపే చూశారు. మెత్తగా కొడుతుందని ఎప్పుడూ చివర నిలబెట్టే గ్రేస్. ముందున్నవాళ్ళు ఎంత తరిమినా తన నడక తను నడిచి వెనకబడిపోయే గ్రేస్.

“నువ్వు మధ్యలోకి రా. ఇవాళ్టి నుంచి నువ్వే మా గోడవి.”

“నావల్ల కాదక్కా. అందరూ నన్నే చూస్తారు.”

“చూడనియ్యి. నేను నీ పక్కనుంటా. నేను ముందుకురికితే పుల్లతో నా చేతి మీద ఒకటెయ్యి.”

మొదట్లో గ్రేస్ కొట్టడానికి జంకింది. ఒకసారి లీలావతి ఆమె చెయ్యి పట్టుకుని రత్నాన్ని కొట్టించింది. తరవాత అలవాటైంది. ఆ వేసవంతా రత్నం ఎడం చేతి మీద సన్నటి ఎర్ర చారలే. షెడ్డులో ఐసు నీళ్ళలో చెయ్యి పెడితే భగ్గుమనేది. పెట్టేది.

తండ్రికి ఫోన్లో చెప్పింది, ఇలా గుడివాడలో అరిచారు నాన్నా అని. దాచి మొవ్వకి తీసుకెళ్ళడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

“అరిచారా?” అన్నాడు మార్కు.

“అరిచారు.”

“ఎప్పుడు? మీరు తప్పాకేనా?”

“తప్పాకే. ముందర కొంతమంది నవ్వారు, అది వేరు.”

“తప్పాక అరిచారంటే మరి విన్నారన్నమాటేగా” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది అసూయో సంతోషమో రత్నానికి అంతుపట్టలేదు. ఫోను పెట్టేశాక మాత్రం ఏం చెయ్యాలో తెలిసింది.

హార్బర్లో చెప్పేవాళ్ళు లేరు. అందరూ సూపరే. గ్రేస్ మధ్యలో నిలబడినా సూపరే, పుల్ల చేజారినా సూపరే. మర్నాడు లీలావతిని వెంటబెట్టుకుని గుడివాడ బస్సెక్కింది.

యుగంధర్ మైకు సెట్టు దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. చొక్కా లేకుండా కూర్చుని ఒక స్పీకరు విప్పుతున్నాడు. వాళ్ళని చూసి గబుక్కున చొక్కా తగిలించుకున్నాడు.

“అత్తయ్య పంపిందా? క్షమాపణ చెప్పమంటే చెప్పనండి. ముందే అంటున్నా.”

“ఎవరడిగారు నీ క్షమాపణ?” అంది లీలావతి. “కూర్చోడానికి ఏదన్నా చూపించు ముందు. ఎండలో పడొచ్చాం.”

అతను రెండు స్పీకరు పెట్టెలు జరిపాడు. కూర్చున్నారు. రత్నం సూటిగా విషయానికొచ్చింది.

“నువ్వు చెప్పింది నిజమే బాబూ. పరిగెత్తాం. ఎందుక్కూడా తెలిసింది.” ఐసు ఫ్యాక్టరీ గోడ సంగతి చెప్పింది. యుగంధర్ చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసి విన్నాడు. చివర్లో నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

“నవ్వు, పర్లేదు. మేమూ నవ్వాం” అంది లీలావతి.

“అదేనండి నేను మా అత్తయ్యతో మొత్తుకునేది” అన్నాడతను ఉత్సాహంగా. “బాలేకపోతే బాలేదనాలి. చప్పట్లు కొట్టి పంపిస్తే మీకీ సంగతి ఎప్పటికి తెలిసేది? అరవడమే కరెక్టు.”

“సగమే కరెక్టు” అంది రత్నం.

యుగంధర్ మొహంలో ఉత్సాహం తగ్గింది.

“మేం పుల్ల ఎత్తకముందే కొంతమంది నవ్వారు. రొయ్యలన్నారు. విన్నావా?”

“విన్నాను.”

“వాళ్ళకి మా దరువుతో పన్లేదు. మేం వేదికెక్కడమే నచ్చలా. అయినా గట్టిగా అరిచే ధైర్యం లేదు వాళ్ళకి, వెనక వరసల్లోంచి ఒక మాటే. నువ్వు అరిచాక ధైర్యమొచ్చింది. నీ అరుపు చాటున వాళ్ళంతా అరిచారు. నువ్వు మా దరువుని అన్నావు. వాళ్ళు మమ్మల్ని అన్నారు. వేదిక మీద నిలబడినోళ్ళకి రెండూ ఒకటే చప్పుడు.”

యుగంధర్ విప్పిన స్పీకరు వైపు చూశాడు. “అయితే అరవొద్దంటారా?”

“అట్టా అన్లేదే. మీ అత్తయ్యగారు పాపం అన్నారు చూడు, అది ఇంకా వద్దు. మా నాన్న ఊరందరి కోసం కొట్టాడు. తప్పు కొడితే తల తిప్పినోడు లేడు. అట్టాంటి ఊళ్ళోకి వెళ్తున్నాం మేమిప్పుడు. ఆయన ముందు కొట్టాలి.”

“నన్నొచ్చి ఓసారి విని తప్పులు చెప్పమంటారా? హార్బరుకొస్తాను.”

“హార్బర్లో అందరూ చెప్తారు. సూపరంట.”

లీలావతి చీర కొంగు చాటున నవ్వుకుంది. “మా రత్నం అసలు అడగడానికొచ్చింది అది కాదు నాయనా. నేను దారి పొడుగునా వద్దనే చెప్పా. వినే రకం కాదు.”

యుగంధర్ రత్నం ఎడం చేతి మీది చారల్ని అప్పుడే చూశాడు. అవేంటని అడగబోయి మానేశాడు. “చెప్పండి రత్నం గారూ” అన్నాడు.

“జూన్‌లో మొవ్వ రావాలి నువ్వు. మైకు పెట్టడానికి కాదు, వినడానికి. ముందు వరసలో మా నాన్న ఉంటాడు, ఆయన పక్కన కూర్చో. మేం పుల్ల ఎత్తకముందు ఎవడన్నా నోరెత్తితే లేచి వాడి నోరు నువ్వే ముయ్యించాలి. ఆ తరవాత మేం నడిస్తే ఊరుకో, చప్పట్లు కూడా అక్కర్లేదు. పరిగెత్తామా, ఆడవాళ్ళనీ, పాపమనీ చూడకుండా అక్కడే అరువు. గుడివాడలో ఎట్టా అరిచావో అట్టాగే అరువు బాబూ. మా నాన్నకి వినపడాలి.”